పద్నాలుగేళ్ల జిప్సీ కాపురం

2025 జులైలో మా మారుతి జిప్సీ జీపును అమ్మేశాను. 2006 మోడల్, 1.3 లీటర్ల ఎంపీఎఫ్ఐ ఇంజన్, పైన క్యాన్వాస్ టాపు, తెలుపు రంగు, ఏపీ 26 నంబరు. 2011లో నెల్లూరులోనే ఒక కాంట్రాక్టరు దగ్గర 2 లక్షల 10 వేలకు కొన్నాను. అప్పటికి 62 వేల కిలోమీటర్లు తిరిగింది. అమ్మేనాటికి లక్షా 81 వేలు. పాత జిప్సీ కొందామనుకునే కుర్రాళ్లు ఈ మధ్య తరచూ అడుగుతున్నారు, తీసుకోమంటావా అన్నా, వద్దంటావా అని. ఫోన్లో ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

మాది ఇందుకూరుపేట మండలం. మైపాడు సముద్రం దగ్గర, ఇంటి చుట్టూ రొయ్యల చెరువులు. నేను చెప్పే మంచీ చెడూ అంతా ఆ ఉప్పుగాలిలో తిరిగిన బండి గురించి. ఇదే బండి ఉదయగిరి మెట్టలో తిరిగి ఉంటే ఈ రాతలో సగం ఉండేది కాదు.

కొనడానికి కారణం చెరువు గట్లు. వాన పడితే ఆ మట్టి బంకలా పట్టుకుంటుంది, బైకు నిలవదు. బరువైన బండి అయితే గట్టు అంచు కుంగి చెరువులోకి ఒరుగుతుంది. జిప్సీ టన్ను బరువుకు అటూ ఇటూ ఉంటుంది. ఫోర్ వీల్ వేసి, లో గేరులో పెట్టి, యాక్సిలరేటర్ మీద కాలు పెద్దగా ఆనించకుండా వదిలితే తనంతట తాను పాకుతూ పోతుంది. మైపాడు ఇసుకలో టైర్ల గాలి 16 పాయింట్లకు తగ్గిస్తే ఇంకేమీ అక్కర్లేదు. పద్నాలుగేళ్లలో ఇంకో బండితో లాగించుకున్నది రెండుసార్లే.

ఒక్క జాగ్రత్త. దీని ఫోర్ వీల్ తారు రోడ్డుకు పనికిరాదు. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ (రెంటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) ఉండదు, రెండూ ఒకే వేగంతో తిరగాలి. గట్టి రోడ్డు మీద మలుపు తిరిగితే చక్రం జారే వీలుండదు, ఆ బలమంతా గేర్ల మీద పడుతుంది. మట్టి దాటి రోడ్డెక్కగానే టూ వీల్‌లోకి మార్చేయాలి.

ఇంజన్ గురించి నాకు ఫిర్యాదు లేదు. 16 వాల్వులు, 80 హార్స్ పవర్. ఎస్టీమ్‌లో, వెర్సాలో (మారుతి పాత కార్లే) వచ్చిన ఇంజన్ల కుటుంబమే. కింది ఆర్‌పీఎంలో కాస్త బద్ధకం, 3 వేలు దాటాక హుషారు. హైవే మీద 80లో హాయిగా ఉంటుంది. 90 దాటితే క్యాన్వాస్ కొట్టుకునే చప్పుడుకు పక్కనున్నవాళ్ల మాట వినపడదు. మైలేజీ రోడ్డు మీద 10, 11. గట్ల మీద 8 వస్తే గొప్ప. టైమింగ్ బెల్టు లక్ష దాటగానే మార్పించాను, ఐదు వేల కిలోమీటర్లకోసారి ఆయిలు. ఇంజన్ విప్పాల్సిన అవసరం ఒక్కసారీ రాలేదు.

సౌకర్యం అడగొద్దు. నాలుగు వైపులా కమాన్ కట్టలే. ఖాళీగా వెళితే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. వెనక నాలుగు మేత బస్తాలు వేస్తే కుదురుగా పోతుంది. మా బండికి ఏసీ లేదు, నెల్లూరు మే నెల సంగతి మీకు తెలిసిందే. మా అమ్మ మోకాళ్ల నొప్పితో ఎక్కలేక, నా బండిలో గుడికి రావడమే మానేసింది. ఆ బాధ నాకు చాలాకాలం ఉంది. చివరికి ఆమె కోసం చిన్న కారు ఒకటి కొనాల్సి వచ్చింది.

వేగం 60 దాటాక స్టీరింగ్ గజగజా వణకడం పాత జిప్సీల్లో మామూలు. అలైన్‌మెంట్ చేయించినా పోదు. మా బండికి చక్రాల బ్యాలెన్సింగ్, కింగ్ పిన్ బేరింగులు (ముందు చక్రం పక్కకు తిరిగే కీలు దగ్గరివి), అరిగిన కమాన్ బుష్‌లు మూడూ కలిసి సరిచేస్తేనే పోయింది. ఒక్కటి మార్చి డబ్బులు దండగ చేసుకోవద్దు.

ఇక అసలు సంగతి, తుప్పు.

మొదటి మూడేళ్లు బండిని వారం వారం కడిగేవాణ్ని. మెరిసిపోయేది. 2014లో ఆయిల్ మార్చడానికి నెల్లూరు ఆటోనగర్‌లో మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన కిందికి దూరి చూసి బయటికొచ్చాడు. "అబ్బయ్యా, ఇంజన్ సంగతి వదిలెయ్. లోపల మ్యాట్ ఎత్తు" అన్నాడు. డ్రైవరు కాళ్ల కింద మ్యాట్ ఎత్తాను. పైకి రంగు బాగానే ఉంది, అక్కడక్కడా చిన్న బుడిపెలు. ఆయన స్క్రూడ్రైవర్ ఆనించి బొటనవేలితో మెల్లగా నొక్కాడు. పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే గోడ పెచ్చుల్లా ఎర్రటి పొరలు ఊడి నా చెప్పుల మీద పడ్డాయి.

"ఏ నీళ్లతో కడుగుతున్నావు?" అన్నాడు. బోరు నీళ్లన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మా బోరు నీళ్లే ఉప్పు. మూడేళ్లుగా నేను శ్రద్ధగా ప్రతి ఆదివారం బండికి ఉప్పునీళ్లు పోస్తున్నానని ఆ రోజు తెలిసింది.

అప్పుడు తొందరపడి వేరే షెడ్డులో 18 వేలకు పని చేయించాను. తుప్పు మీదే రేకు ముక్కలు అతికి, లప్పం పూసి, రంగు కొట్టారు. పద్నాలుగు నెలలకే లప్పం ఉబ్బి పగిలింది. పాత తుప్పు లోపలే ఉండిపోతే కొత్త రేకును కూడా తినేస్తుంది.

2017లో మళ్లీ భాయ్ దగ్గరికే వెళ్లాను. ఆయన నమ్మిన టింకర్ బాడీని చాసిస్ నుంచి పైకి లేపి, పాడైన ఫ్లోర్ మొత్తం కోసేశాడు. వెనక చక్రాల పైభాగం, అద్దం ఫ్రేము కింది అంచు కూడా. కొత్త రేకు సీఓటూ వెల్డింగ్‌తో అతికించి, లోపలా బయటా ప్రైమర్ కొట్టి, ఆరాకే అండర్ కోటింగ్ వేశాడు. ఫ్లోర్‌లో నీళ్లు పోవడానికి కంపెనీ ఇచ్చిన రంధ్రాలు మట్టితో పూడిపోయి ఉంటే వాటిని తెరిచాడు. బాడీకీ చాసిస్‌కీ మధ్య రబ్బర్లన్నీ కొత్తవి. 23 రోజులు పట్టింది, 68 వేలయింది. ఆ పని నేను అమ్మే రోజు దాకా చెక్కు చెదరలేదు. అప్పట్నుంచీ కడగడానికి ట్యాంకరు మంచినీళ్లే, అదీ ముందు కింది నుంచి, తర్వాత పైన. తడి ఆరకుండా మాత్రం కోటింగ్ వేయించకండి. ఉప్పు తేమ లోపలే బందీ అవుతుంది.

ఈ బండి మీద ప్రేమ ఎందుకని ఎవరైనా అడిగితే నాకు 2021 నవంబరు గుర్తొస్తుంది. పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా ఆగిపోయింది. మా దగ్గర కరెంటు లేదు. ఏరియేటర్లు ఆగితే రొయ్యకు గాలి అందదు, తెల్లారేసరికి పంటంతా పైకి తేలుతుంది. జనరేటరుకు డీజిలు కావాలి. మోకాలి లోతు నీళ్లలో, ఫ్యాన్ ఇంజన్ మీదికి నీళ్లు చిమ్మకుండా దాని బెల్టు విప్పి, లో గేరులో ఒకే వేగంతో నాలుగు ట్రిప్పులు క్యాన్లు మోశాను. మా చెరువులకీ పక్కవాళ్ల చెరువులకీ. ఒక్కసారీ ఆగలేదు.

నీళ్లు దిగాక చూస్తే వెనక డిఫరెన్షియల్ ఆయిలు మజ్జిగలా తెల్లగా అయింది. లోతు నీళ్లలో దిగిన బండికి ఇది మామూలే, వేడి మీదున్న హౌసింగ్ చల్లబడుతూ సీళ్ల సందుల్లోంచి, బ్రీదర్ అనే గాలి రంధ్రంలోంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది. ఆయిలు మార్చబోతే ఇంకో చిక్కు వచ్చింది. కింది ప్లగ్ విప్పి ఆయిలంతా కార్చేశాం, పైన నింపే ప్లగ్ తుప్పుకు బిగుసుకుపోయి రాలేదు. బండి అక్కడే రెండు రోజులు ఆగిపోయింది. చివరికి వేడిచేసి తీశారు.

స్పేర్ల విషయంలో దిగులక్కర్లేదు. ఇంజన్ సామాన్లు చాలావరకు నెల్లూరులోనే దొరికాయి. దొరకనివి చెన్నై పుదుపేటలో. ఉదయం రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. బాడీ ప్యానెళ్లకే వెతుకులాట, ధర కూడా ఏటేటా పెరుగుతోంది. ఇంకొకటి, పెట్రోలు పైపులు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. 2006 నాటి రబ్బరు దానికి తయారైంది కాదు. పోయినేడాది నా బండిలో పెట్రోలు వాసన మొదలైతే చూశాను, ఒక పైపు వేళ్లతో వంచగానే పగుళ్లు తేలాయి. అన్నీ మార్పించాను. పాత బండి కొన్నవాళ్లు మొదట చేయాల్సిన పని ఇదే, ఇంజన్ పక్కన పెట్రోలు కారితే బండే మిగలదు.

మరి అమ్మడం ఎందుకు? చెరువులు లీజుకిచ్చేశాను. బండి వారాల తరబడి షెడ్డులో నిలబడిపోయేది. ఇక్కడ నిలబడితే తిరిగినదానికంటే తొందరగా పోతుంది. అమ్మిన ఏడాది మొదట్లో డ్రైవరు వైపు తలుపు కింది అంచున మళ్లీ గోరంత బుడిపె కనపడింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దీన్ని ఉప్పుకు దూరంగా పంపించాలనుకున్నాను.

చాలామంది వచ్చారు. కొందరు ఫొటోలు చూసే బేరం మొదలుపెట్టారు. ఒక బ్రోకరు, లప్పం పూసి రంగు కొట్టిస్తే ఇంకో 40 వేలు ఎక్కువొస్తాయన్నాడు. ఒప్పుకోలేదు. నేను తిన్న దెబ్బ ఇంకొకరికి అంటగట్టలేను. ఉదయగిరి నుంచి వచ్చిన ఒకాయన మాత్రం వచ్చీ రాగానే చాప అడిగి, నేల మీద పరుచుకుని కిందికి దూరాడు. ఇరవై నిమిషాలు బయటికి రాలేదు. నేనే టార్చి పట్టుకుని అతికిన చోట్లన్నీ చూపించాను. బిల్లులు, పని రాసుకున్న నోటుబుక్కు ఇచ్చాను. 3 లక్షల 35 వేలకు కుదిరింది. వచ్చిన ధర చూసి లాభమనుకోవద్దు. పద్నాలుగేళ్లలో దీని మీద పెట్టింది, పెట్రోలు కాకుండా, అంతకంటే ఎక్కువే.

కాగితాల దగ్గర అశ్రద్ధ చేయకండి. 2021లో 15 ఏళ్లు నిండినప్పుడు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాను, అప్పుడు ఫీజు 600. 2022 ఏప్రిల్ నుంచి అది 5 వేలయింది, గ్రీన్ ట్యాక్స్ వేరే. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్లకు 10 వేలు చేశారు. కొనేటప్పుడు ఆర్‌సీ ఎప్పటిదాకా ఉందో చూసి బేరమాడండి. అమ్మేవాళ్లు పేరు మార్పిడికి ఇచ్చే ఫారం 29, 30 సంతకాలు చేసి తాళాలిచ్చి ఊరుకోవద్దు. పేరు మారేదాకా ఆ బండితో ఏం జరిగినా జవాబుదారీ మీదే. నేను ఆయనతో కలిసి వెళ్లి, ఆయన పేరు మీద కార్డు వచ్చాకే మిగతా డబ్బు తీసుకున్నాను.

కొనమంటారా అంటే, మెట్ట ప్రాంతం వాళ్లయితే నిశ్చింతగా కొనండి. మా తీరం వైపు వాళ్లయితే కొనే ధరకు ఇంకో లక్ష బాడీ పనికి పక్కన పెట్టుకుని, మంచినీళ్ల సదుపాయం చూసుకుని కొనండి. ఇంట్లో పెద్దవాళ్లను తిప్పడానికి ఇదొక్కటే బండి అయితే వద్దు.

పోయిన వారం ఉదయగిరి ఆయన ఫోన్ చేశాడు. బండి తోటలోనే ఉందట, గాలి పొడిగా ఉందట, తలుపు అంచున బుడిపె పెరగలేదట. వెనక డిఫరెన్షియల్ ఆయిలు మార్చబోతున్నానన్నాడు. ముందు పైన నింపే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కిందిది విప్పమని చెప్పాను.