ఒకటి లేని ఐదు: మా దుకాణంలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్

వరంగల్‌లో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే మా దుకాణానికి గత ఏప్రిల్‌లో కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తీసుకున్నాము. చివరికి మిగిలినవి రెండు: ఒకదాని మీద 1.2 అనీ, మరొకదాని మీద 5.0 అనీ ఉంది. ధరలో పెద్ద తేడా లేదు. "ఐదో వెర్షన్ అంటే నాలుగుసార్లు దెబ్బలు తిని బాగుపడ్డదన్నట్టే గదన్నా" అన్న మా తమ్ముడి మాట నాకూ సబబుగా తోచి 5.0నే కొన్నాము.

ఇందులో ఉద్దెర ఖాతా నిజంగా బాగుంది. సంగెం, పర్వతగిరి, రాయపర్తి వైపు నుంచి వచ్చే రైతుల్లో ఒకే పేరున్నవారు చాలామంది. ఊరు, తండ్రి పేరు కలిపి వెతికితే పాత బాకీ, ఈ పంటకు తీసుకున్న సరుకు వేర్వేరుగా కనబడతాయి. గడువు దగ్గరపడిన మందు డబ్బాలను కూడా ముందే చూపుతుంది.

చిక్కు మృగశిర కార్తెలో, దుకాణం నిండా జనం ఉన్నప్పుడు వచ్చింది. విత్తనాలకు జీఎస్టీ లేదు, ఎరువులకు 5 శాతం, రసాయన పురుగుమందులకు 18 శాతం. ఈ మూడూ ఉన్న బిల్లులో నుంచి ఒక రైతు విప్పని పత్తి విత్తనాల ప్యాకెట్లు తిరిగి తెస్తే, వాటికి అసలు వేయని 18 శాతం పన్నును కూడా కలిపి వాపసు ఇమ్మని చూపింది. ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి, "ఇది మా ఫస్ట్ రిలీజ్ సార్, అప్‌డేట్‌లో సరిచేస్తాం" అన్నాడు. అప్పుడు అప్‌డేట్ల జాబితా తెరిచి చూస్తే అది 5.0తోనే మొదలైంది. దాని కింద ఇంకేమీ లేదు.

ఇది కొత్త ఎత్తు కాదని తరువాత తెలిసింది. 1979లో ఒరాకిల్ తన తొలి వాణిజ్య డేటాబేస్‌నే రెండో వెర్షన్‌గా అమ్మింది. డీబేస్ టూ అనే మరో డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కు ముందు డీబేస్ వన్ అన్నదే లేదు. మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఎన్‌టీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ 1993లో 3.1గా పుట్టింది, అయితే అప్పటికే వాడుకలో ఉన్న విండోస్ 3.1తో సరితూగడానికి. మొదటిదాన్ని కొనడానికి జంకే మనలాంటి వారిని చూసే ఈ అంకెలు వేస్తారు కాబట్టి తప్పంతా వారిదే అనలేను.

నిజానికి నేను చూడవలసింది చివరి అంకె. వెర్షన్ నంబరులో మొదటి అంకెను పెద్ద మార్పుకు, రెండవది కొత్త సౌకర్యాలకు, మూడవది తప్పుల దిద్దుబాటుకు పెంచడం చాలామంది పాటించే పద్ధతి. ఫోన్ చేసిన పదకొండో రోజున 5.0.1 వచ్చింది, వాపసు లెక్క సరిపోయింది. దీపావళి నాటికి 5.0.4 దాకా వెళ్లింది. ముందున్న ఐదు చెప్పని సంగతిని చివరనున్న నాలుగు చెప్పింది: ఫోన్ చేస్తే పని జరుగుతోంది.

ఐదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఉద్దెర ఖాతా లేకుంటే రెండే ఇచ్చేవాడిని.