గేమ్ ప్రోగ్రామింగ్ కోర్సుకు సొంత ఇంజినా, యూనిటీయా?

సొంత ఇంజిన్ కోసం సీ ప్లస్ ప్లస్ భాష, ఎస్‌డీఎల్‌తో (తెర, కీబోర్డు, శబ్దాల పని చూసే లైబ్రరీ) మొదలుపెడితే తెర మీద చతురస్రం కదిలేసరికే ఒకట్రెండు వారాలు పోతాయి. కానీ గేమ్ లూప్ (కీలు చదివి, లెక్కలు వేసి, బొమ్మ గీసే పని ప్రతి ఫ్రేముకూ తిరగడం) లోగుట్టు తెలిసేది అక్కడే. సెకనుకు 1200 పిక్సెళ్లు వెళ్లే తూటా, 60 ఫ్రేముల దగ్గర ఒక్కో ఫ్రేముకు 20 పిక్సెళ్లు దూకుతుంది. 10 పిక్సెళ్ల గోడను తాకకుండానే దాటేయొచ్చు. మధ్య దారంతా పరీక్షించే కోడ్ విద్యార్థే రాసుకోవాలి.

రెడీమేడ్ గేమ్ ఇంజిన్ యూనిటీలో రిజిడ్‌బాడీ (వస్తువును ఫిజిక్స్ ప్రకారం కదిలించే భాగం) కొలిజన్ డిటెక్షన్‌ను, అంటే ఢీకొనడాన్ని పసిగట్టే పద్ధతిని, కంటిన్యువస్‌కి మారిస్తే, గోడలాంటి కదలని వాటికి సాధారణంగా సరిపోతుంది. ఎందుకన్నది మాత్రం ఎవరూ అడగరు! ఫిజిక్స్ కోడ్ పెట్టే ఫిక్స్‌డ్‌అప్‌డేట్ డిఫాల్ట్‌గా 0.02 సెకన్లకోసారి నడుస్తుంది. కీ నొక్కిన ఆ ఒక్క ఫ్రేములోనే అవునని చెప్పే గెట్‌కీడౌన్ అందులో పెడితే కొన్ని నొక్కుళ్లు జారిపోతాయి. ప్రతి ఫ్రేముకూ నడిచే అప్‌డేట్‌లో చదివి దాచుకోవాలి. కోడ్ మార్పులను భద్రపరిచే గిట్‌లోకి యూనిటీ తనే మళ్లీ తయారుచేసుకోగల లైబ్రరీ ఫోల్డర్ వద్దు, ఒక్కో ఫైలు గుర్తింపును ఉంచే మెటా ఫైళ్లు తప్పనిసరి.

16 వారాల సెమిస్టరైతే మొదటి 5 వారాలు సొంత లూప్‌కే ఇచ్చి, తర్వాత యూనిటీకి మారడం మేలు.