ఏటా క్లాసులో చదివించాక ఏ పుస్తకాలు నిలబడ్డాయి, ఏవి అటకెక్కాయి

ఒక నవలని ఇంట్లో కూర్చుని ఒక్కసారి చదివి రివ్యూ రాయడం వేరు, అదే నవలని ఏటా కొత్త బ్యాచ్ ముందు నిలబడి గట్టిగా చదవడం వేరు. మొదటిసారి గొంతు పట్టేసిన పేజీ మూడో ఏడాదికి ఇంత పల్చగా ఉందేంటి అనిపిస్తుంది. మొదట్లో పట్టించుకోకుండా దాటేసిన వాక్యం ఒకటి ఆ తర్వాతెప్పుడో క్లాసంతా గప్‌చుప్ అయ్యేలా చేస్తుంది.

నేను పదకొండు నుంచి పదమూడేళ్ల పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను. మిడిల్ గ్రేడ్ నవలలు (అంటే ఈ వయసు పిల్లల కోసం రాసినవి), మెమోయిర్లు (రచయితలు సొంత జీవితం నుంచి రాసుకున్న జ్ఞాపకాలు), వాటితో పాటు సిలబస్‌లో ఎప్పుడూ తగిలించి ఉండే అలంకారిక భాష, వొకాబులరీ, ఇవన్నీ ఏళ్ల తరబడి కలిపి వాడాక నాకు తేలినది రాస్తున్నాను. కథలు కొంత లీకవుతాయి, తప్పదు. నేను చూసేది ఒక్కటే: పోలికలూ కొత్త మాటలూ కథకి పనికొస్తున్నాయా, లేక పైన చల్లినట్టు ఉన్నాయా? పనికొస్తుంటే పాఠం సగం పుస్తకమే చెప్పేస్తుంది. లేకపోతే ఆ బరువంతా టీచరే మోయాలి.

ముందు లూయిస్ సాకర్ ‘హోల్స్’. 1998లో వచ్చింది, ఆ ఏడాదే అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు, 1999లో అక్కడే పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబరీ మెడల్. అవార్డు పుస్తకాలంటే నాకు కాస్త అనుమానం, పెద్దవాళ్లకి నచ్చి పిల్లల నెత్తిన పెట్టేవి వాటిలో చాలానే ఉంటాయి, కానీ దీనికి ఆ జబ్బు లేదు. చెయ్యని దొంగతనానికి స్టాన్లీ అనే కుర్రాణ్ణి క్యాంప్ గ్రీన్ లేక్ అనే శిక్షా శిబిరానికి పంపుతారు, తీరా చూస్తే అక్కడ చెరువే ఉండదు. రోజుకో గొయ్యి తవ్వాలి, ఐదడుగుల లోతు, ఐదడుగుల వెడల్పు. మొత్తం 50 అధ్యాయాలు, చాలావరకు చిట్టివి. నిదానంగా చదివే పిల్లలకి ఇది ఎంత మేలో చెప్పలేను, ఒక్క పీరియడ్‌లో రెండు అధ్యాయాలు అయిపోయాయంటే వాళ్ల ముఖాలు వెలిగిపోతాయి.

రూపకం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి నవల నాకు దొరకలేదు. స్టాన్లీ ముత్తాతని దోచుకుని ఎడారిలో వదిలేస్తారు. ఆయన ఎలాగో బతికి బయటపడి, ఎలా బతికావయ్యా అంటే దేవుడి బొటనవేలి మీద తలదాచుకున్నానంటాడు. పిల్లలు పకపకా నవ్వుతారు, ఎండకి మతిపోయింది పాపం అంటారు. నేను నోరు విప్పను. చాలా అధ్యాయాల తర్వాత స్టాన్లీకి దూరంగా ఒక కొండ కనిపిస్తుంది, పిడికిలి బిగించి బొటనవేలు పైకెత్తినట్టు. ఆ పేజీ దగ్గర ఏటా ఎవరో ఒకరు, చాలాసార్లు అస్సలు ఊహించని పిల్లో పిల్లాడో, “టీచర్, ఆ తాత!” అని అరుస్తారు. మిగతావాళ్లు పేజీలు వెనక్కి తిప్పుతారు. పిచ్చిమాట అనుకున్నది దారి చూపించే గుర్తయింది. ఇక రూపకానికి నిర్వచనం బోర్డు మీద రాయాల్సిన పనేముంది?

ఇదే పుస్తకంలో క్యాంపుని నడిపే వార్డెన్ తరచూ వాడే మాట ‘ఎక్స్‌క్యూజ్ మీ?’. ప్రతి పిల్లకీ తెలిసిన మాటే. కానీ ఆమె నోట అది ఎదుటివాడి వెన్నులో వణుకు పుట్టిస్తుంది. ఆ డైలాగుని నలుగురి చేత నాలుగు రకాలుగా చదివిస్తాను, మర్యాదగా, విసుగ్గా, నిజంగా వినపడనట్టు, చివరికి వార్డెన్‌లా. స్వరం అనే పాఠం అక్కడే అయిపోతుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మూడు కాలాల కథలు జడలా అల్లుకుని నడుస్తాయి, జ్వరం వచ్చి వారం రాని పిల్లలు తిరిగొచ్చాక ఎవరు ఎవరో తెలియక తికమక పడతారు. క్యాంపులో కుర్రాళ్లందరికీ మారుపేర్లు, మొదటివారం గోడ మీద చార్టు లేకపోతే కష్టం. ఇంకోటి, ఉల్లిపాయలమ్మే శామ్‌ని ఒక తెల్ల టీచరమ్మని ముద్దుపెట్టుకున్నందుకు చంపేసే ఘట్టం. నల్లవాడు కావడమే అక్కడ అతని నేరం. ఇది బెల్లు కొట్టడానికి పది నిమిషాల ముందు చదివే పేజీ కాదు, దానికో పీరియడ్ పూర్తిగా ఉంచుకోండి.

ఇక్కడే వర్క్‌షీట్ల సంగతి కక్కేస్తాను. నవలతో పాటు దొరికే గైడ్లలో సగానికి పైగా ఒకటే పని: ఈ అధ్యాయంలో ఐదు సిమిలీలు (‘లాగా’ అని పోల్చేవి) వెతికి రాయండి, రెండు పర్సనిఫికేషన్‌ల (ప్రాణం లేనిదాన్ని మనిషిలా చెప్పేవి) కింద గీత గీయండి. పిల్లలు ‘లైక్’, ‘యాజ్’ అనే మాటల కోసం పేజీని జల్లెడ పట్టేస్తారు, ‘ఐ లైక్ మ్యాంగోస్’ కూడా సిమిలీ అని రాసిచ్చిన ఘనులున్నారు. మార్కులు వస్తాయి, చదవడం రాదు. నేనిప్పుడు చేసేది చాలా చిన్న పని. పోలిక ఉన్న వాక్యం ఒకటి బోర్డు మీద రాసి, దాని కింద పోలిక తీసేసి అదే వాక్యం రాస్తాను. రెండూ గట్టిగా చదివిస్తాను. ఏం పోయింది అని అడుగుతాను. ఒక్కోసారి ఏమీ పోలేదు, తీసేసిందే బాగుంది అంటారు, వాదిస్తారు, అప్పుడు నాకు భలే సంతోషం. రచయిత రాసినంత మాత్రాన ప్రతి ఉపమానమూ గొప్పదేం కాదు కదా.

గ్యారీ పాల్సన్ ‘హ్యాచెట్’ ఈ ఆటకి బాగా పనికొస్తుంది, ఎందుకంటే అందులో వాక్యాలు ముక్కలు ముక్కలుగా, ఊపిరి అందనట్టు ఉంటాయి, పోలిక వచ్చిందంటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1988లో న్యూబరీ ఆనర్ (మెడల్ తర్వాతి గుర్తింపు) వచ్చిన నవల. పదమూడేళ్ల బ్రయాన్ చిన్న విమానంలో వెళ్తుంటే పైలట్ గుండెపోటుతో చనిపోతాడు, విమానం కెనడా అడవిలో సరస్సులో పడుతుంది, తల్లి ఇచ్చిన చిన్న గొడ్డలి ఒక్కటే దిక్కు, 54 రోజులు. చీకట్లో ముళ్లపంది మీదకి విసిరిన గొడ్డలి గుహ రాతికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. వాటిని మంట చెయ్యడానికి వాడు ఎండుగడ్డి వాడతాడు, ఇరవై డాలర్ల నోటు చించుతాడు, చివరికి బర్చ్ చెట్టు బెరడుని వెంట్రుకల్లా చీల్చి ఉండ చేస్తాడు. ఇంత తంటాపడి రాజేసిన ఆ మంటని వాడు నేస్తం అనుకుంటాడు, అదీ ఆకలితో ఉన్న నేస్తం. ఎందుకలా అనుకున్నాడు అని అడిగితే ఒక ఏడాది ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి ఒకతి “మాట్లాడ్డానికి ఇంకెవరూ లేరు కాబట్టి” అంది. ఆ తర్వాత పర్సనిఫికేషన్ గురించి నేను చెప్పేందుకేం మిగల్లేదు.

పుస్తకాలంటే పారిపోయే పిల్లలకి ‘హ్యాచెట్’ ఇవ్వండి, తిరుగులేదు. కొత్త మాటలు నేర్పడానికి మాత్రం ఇది పెట్టుకోకండి, మాటలు తేలికైనవి, ఒక్కోచోట అదే మాట నాలుగుసార్లు తిరిగొస్తుంది. ఇంకో మాట, తల్లిదండ్రుల విడాకులు మొదటి పేజీల నుంచే ఉంటాయి. క్లాసులో ఆ బాధలో ఉన్న పిల్లలు ఎవరున్నారో ముందు తెలుసుకుని మొదలుపెట్టాలి.

ఆర్.జె. పలాసియో ‘వండర్’ (2012) గురించి పెద్దగా రాయను. పిల్లలకి ప్రాణం, ఇంటికి తీసుకెళ్లి రాత్రికి రాత్రి ముగించేస్తారు, అదే చిక్కు, క్లాసులో చదివేసరికి కొత్త ఏమీ ఉండదు. మంచితనం గురించి పుస్తకమే అంతా చెప్పేశాక పిల్లలు వెతుక్కోడానికి ఏముంటుంది? ఒకే సంగతి ఆరుగురు చెప్పడం, అందులో జస్టిన్ వంతు వచ్చేసరికి క్యాపిటల్ లెటర్లు మాయమవడం, ఈ రెండు మాత్రం ఇప్పటికీ వాడతాను, ఆ భాగాలు జెరాక్స్ తీసి. పుస్తకం లైబ్రరీ బీరువాలో ఉంటే చాలు.

మెమోయిర్ల దగ్గర పిల్లలు మొదట ముఖం చిట్లిస్తారు. ఎవరిదో జీవితం మాకెందుకు అన్నట్టు. దానికి మందు రోల్డ్ డాల్ ‘బాయ్’ (1984). ఇది ఆత్మకథ కాదని ఆయనే మొదట్లో చెప్పేస్తాడు, ఆత్మకథల్లో విసుగు పుట్టించే వివరాలు ఎక్కువని ఆయన గొడవ. అక్కడే ఆపి, పుట్టినప్పటి నుంచి అంతా చెప్పేది, గుర్తుండిపోయిన కొన్ని ఘట్టాలే చెప్పేది అని రెండు గళ్లు గీస్తే మెమోయిర్ అంటే ఏంటో తేలిపోతుంది. తర్వాత మిఠాయి కొట్టు సీసాలో చచ్చిన ఎలుకని వేసిన కథ. కొట్టు యజమానురాలు మిసెస్ ప్రాచెట్ వర్ణన అతిశయోక్తికి నిలువెత్తు నమూనా. చదువుతుంటే క్లాసు పగలబడి నవ్వుతుంది. నవ్వాక నేను అడిగే ప్రశ్న ఒక్కటే, ఆవిడ రాసి ఉంటే ఈ కథ ఎలా ఉండేది? ఆవిడ వైపు నుంచి ఒక పేజీ రాయమంటే పిల్లలు రాసేవి చూడాలి, మురికి చేతుల పిల్లల మీద ఎంత కసి! ఎడినాయిడ్స్‌ని (ముక్కు వెనక ఉండే కండని) మత్తు లేకుండా తీసేసిన ఘట్టం మాత్రం కొందరికి కడుపులో తిప్పుతుంది, ముందే చెప్పి చదవండి. బెత్తం దెబ్బల గురించి కూడా.

జాక్వెలిన్ వుడ్సన్ ‘బ్రౌన్ గర్ల్ డ్రీమింగ్’ 2014లో నేషనల్ బుక్ అవార్డు పొందిన వచన కవితా మెమోయిర్. ఒహాయోలో పుట్టి, సౌత్ కరోలినాలో అమ్మమ్మ తాతల దగ్గర, ఆపైన బ్రూక్లిన్‌లో పెరిగిన అమ్మాయి కథ. అలంకారిక భాషకి నా లెక్కలో దీన్ని మించింది లేదు, కానీ దీన్ని చదివించడం కష్టం, అది దాచను. మాటలు తేలిక, పేజీలో సగం ఖాళీ, పిల్లలు గంటలో ముగించి ఏమీ జరగలేదు కదా టీచర్ అంటారు. అమెరికాలో నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం అంటే ఏంటో, బస్సులో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న గొడవేంటో తెలియకపోతే సగం కవితలు గాలికి పోతాయి. నా పద్ధతేమిటంటే మొత్తం పుస్తకం ఒక్కసారిగా చదివించను. వినడం గురించి మూడేసి పాదాల హైకూలు అక్కడక్కడా ఉంటాయి, ముందు అవి. తర్వాత రోజుకో కవిత, పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు. తండ్రి ఆడపిల్లకి జాక్ అని పేరు పెట్టాలని పట్టుబట్టిన కవిత చదివాక అందరికీ తమ పేర్ల వెనక కథలు గుర్తొస్తాయి. రాయమని నేను చెప్పకముందే నోటుబుక్కులు తీస్తారు.

ఇక వొకాబులరీ. అందరికీ టెన్షన్ ఇక్కడే. సోమవారం ఇరవై మాటలు, శుక్రవారం పరీక్ష, వచ్చే సోమవారానికి అన్నీ ఆవిరి. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియోన్, లిండా కూకన్ 2002లో రాసిన ‘బ్రింగింగ్ వర్డ్స్ టు లైఫ్’ చదివాక నా క్లాసులో లిస్టు బాగా కుదించుకుపోయింది. వాళ్లు మాటల్ని మూడు అంచెలు చేస్తారు: రోజూ వాడేవి, ఏ సబ్జెక్టులోనైనా ఎదురయ్యే కాస్త బరువైనవి, ఒకే శాస్త్రానికి చెందినవి. రెండో అంచె మీదే మన కష్టం పెట్టాలన్నది వాళ్ల మాట, నాకు అనుభవంలో అక్షరాలా నిజమనిపించింది. ‘హోల్స్’లో స్టాన్లీ తండ్రికి తెలివీ ఉంది, ‘పర్‌సివియరెన్స్’ (పట్టు వదలకపోవడం) కూడా ఉంది, లేనిది అదృష్టం. ఆ ఒక్క మాట పట్టుకుంటే నవల చివరిదాకా నడవొచ్చు, ఎవరికి ఉంది, ఎవరు మధ్యలో వదిలేశారు అని.

చుట్టూ ఉన్న వాక్యాల్ని బట్టి అర్థం ఊహించు అని మనం అలవాటుగా చెప్పేస్తాం. అన్ని వాక్యాలూ సాయపడవు, కొన్నయితే తప్పుదారి పట్టిస్తాయి. బెక్, మెక్‌కియోన్, మెక్‌కాస్లిన్ 1983లోనే ఇది రాశారు. నవలల్లో వాక్యం కథ కోసం ఉంటుంది, మాట నేర్పడానికి కాదు. అందుకే అర్థం మామూలు మాటల్లో నేనే చెప్పేస్తాను, ఆ తర్వాత ఆట. ‘రిలక్టెంట్’ అంటే ఇష్టం లేకుండా, వెనకాడుతూ అని చెప్పాక, పళ్ల డాక్టర్ దగ్గరికి రిలక్టెంట్‌గా వెళ్లేవాడు ఎలా నడుస్తాడో తలుపు నుంచి బోర్డు దాకా నడిచి చూపించమంటాను. ఒకడు రెండడుగులు వేసి మూడడుగులు వెనక్కి వేశాడు. లేదు, వాడు రిలక్టెంట్ కాదు, వాడు పారిపోతున్నాడు అని క్లాసంతా గోల. ఆ గోలలోనే మాట అతుక్కుంటుంది.

1969 నాటి ఫ్రేయర్ మోడల్, అదే నాలుగు గళ్ల కాగితం, నిర్వచనం, లక్షణాలు, ఉదాహరణలు, ఉదాహరణ కానివి, అన్ని మాటలకీ వాడకండి. రూపకం, మెమోయిర్ లాంటి భావనలకి అద్భుతం. మామూలు విశేషణానికి ఒక పీరియడ్ తినేస్తుంది, పిల్లలు బొమ్మలకి రంగులేస్తూ కూర్చుంటారు.

ఒక్క టర్మే ఉంటే, ఒక్క పుస్తకానికే కాపీలు కొనగలిగితే, ‘హోల్స్’ తీసుకోండి. రెండోది కుదిరితే ‘బాయ్’, నవల ముగిశాక కాదు, మధ్యలో విరామంగా. 2003లో ‘హోల్స్’ సినిమా కూడా వచ్చింది, స్క్రీన్‌ప్లే సాకర్‌దే, కానీ ఆ కొండ కనిపించే పేజీ దాటేదాకా దాన్ని పిల్లల కంట పడనివ్వకండి.