బండి వెనక ర్యాకు చేయించుకున్నా: ఏడాది వాడాక చెబుతున్న సంగతులు

ముందే చెప్పేస్తున్నా, షాపు పేరు రాయడం లేదు. మెచ్చుకోవాల్సినవి ఎన్ని ఉన్నాయో తిట్టుకోవాల్సినవీ కొన్ని ఉన్నాయి. ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్ళు నడుపుకునే చిన్న వెల్డింగ్ షాపు అది, పేరు పెట్టి బజారుకెక్కించడం నాకిష్టం లేదు. విజయవాడ ఆటోనగర్ సందుల్లో ఒక పూట తిరిగితే ఇలాంటి షాపులు మీకే కనబడతాయి.

నాది హోండా యూనికార్న్. మొదట ఆన్‌లైన్‌లో ఒక రెడీమేడ్ ర్యాకు కొన్నాను, 1,900 రూపాయలు. అన్ని 150, 160 సీసీ బండ్లకీ సరిపోతుందని రాసి ఉంది, అక్కడే అనుమానం రావాల్సింది, రాలేదు. వెనక పట్టుకునే గ్రాబ్ రైలుకి రెండే రెండు బోల్టులతో వేలాడే రకం అది. శ్రీశైలం వెళ్తుంటే దోర్నాల దాటాక నల్లమల ఘాట్‌లో టకటకమని చప్పుడు మొదలైంది, చైనేమో అనుకుని కాసేపు పట్టించుకోలేదు, చివరికి మా ఆవిడ "ఏమండీ, బ్యాగు ఊగుతోంది, ఆపండి" అంటే ఆపి చూశా. వెల్డింగు చేసిన చోట ముప్పాతిక వంతు చీలిపోయి ర్యాకు టెయిల్ లైటు మీద వాలిపోయింది. బ్యాగు ఆవిడ ఒళ్ళో పెట్టుకుని కొండ ఎక్కింది. మల్లన్న దర్శనం కంటే ముందు నాకు వెల్డింగ్ షాపు దర్శనం అయింది, అక్కడ వేసిన అతుకు ఇంటికొచ్చేదాకా ఆగింది, అంతే.

తర్వాత పాల వ్యాపారం చేసే మా బాబాయి చెబితే ఈ మేస్త్రీ దగ్గరికెళ్ళా. ర్యాకు కావాలి అనగానే టేపు తీస్తాడనుకున్నా. తీయలేదు. టీ తెప్పించి అడగడం మొదలుపెట్టాడు. వెనక ఎవరు కూర్చుంటారు? ఎలా కూర్చుంటారు, రెండు పక్కలా కాళ్ళేసుకునా, ఒక పక్కకా? ఈ బండి ఇంట్లో ఇంకెవరైనా తీస్తారా? బ్యాగు మెత్తదా, డబ్బానా? రోజూ ఉంటుందా, ఊరెళ్ళేటప్పుడేనా? నాకు కొంచెం విసుగొచ్చిన మాట నిజం, ఎందుకంటే ఫోన్‌లో ఒక ఫొటో పట్టుకెళ్ళా, లదాఖ్ వెళ్ళే బండికి రెండు పక్కలా అల్యూమినియం డబ్బాలు, వెనక ఇంకో పెట్టె, అచ్చం అలా చేయమందామని.

ఆయన ఫొటో చూసి అన్నది ఒక్కటే: "అమ్మగారు చీర కట్టుకుని ఎడమ పక్కకి కూర్చుంటారన్నారు కదండీ, మరి ఎడమ డబ్బా ఎక్కడ పెడతారు?" నిజమే కదా. ఎడమ పక్క కాళ్ళు, శారీ గార్డు, ఫుట్‌రెస్టు. కుడి పక్క సైలెన్సర్, పైగా ఒక పక్కే బరువు. ఫొటోలో బండి నడిపేవాడి వెనక ఎవరూ లేరు, అది నేను చూసుకోలేదు.

ఇంకొకటి. మా నాన్నకి మోకాళ్ళ నొప్పులు. ఆదివారం రైతు బజారుకి ఈ బండే తీస్తాడు. సీటు వెనక ఎత్తుగా పెట్టె ఉంటే దాని మీదుగా కాలు తిప్పి ఎక్కలేడు. కొనేటప్పుడు ఇలాంటివి ఎవరు ఆలోచిస్తారు చెప్పండి. అందుకని ర్యాకుని రెండు ముక్కలుగా చేశాడు: కింది ఫ్రేము బండికే ఉండిపోతుంది, సీటు ఎత్తు దాటదు, పై పలక నాలుగు రెక్కల నట్లతో బిగుస్తుంది, స్పానర్ అక్కర్లేదు. రెండు నిమిషాల పని. నాన్న వాడే రోజు పలక ఇంట్లో ఉంటుంది.

బరువు సంగతి ఆయన చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. బండి స్టాండు తీయించి, నన్ను హ్యాండిల్ పట్టుకోమని, తన కుర్రాడితో వెనక చివర నొక్కించాడు. ముందు చక్రం చేతిలో తేలికైపోవడం తెలిసింది. "ఇరుసు దాటి ఎంత వెనక్కెళితే ముందు అంత తేలిపోద్దండి, మట్టి రోడ్డు మీద హ్యాండిల్ మీ మాట వినదు" అన్నాడు. ఇంటికొచ్చి లెక్కేశా. నా బండికి రెండు చక్రాల మధ్య దూరం దాదాపు 1.33 మీటర్లు. 12 కేజీల బ్యాగు వెనక ఇరుసుకి 35 సెంటీమీటర్లు వెనక ఉంటే ముందు చక్రం మీద మూడు కేజీల పైచిలుకు బరువు తగ్గిపోతుంది. వినడానికి తక్కువే, ఘాట్‌లో బ్రేకు కొట్టి మలుపు తిప్పేటప్పుడు తక్కువనిపించదు. అందుకే పలకని వీలైనంత ముందుకి, ఆవిడకి నాలుగు వేళ్ళు ఎడం ఉండేలా పెట్టాడు. ఇటలీలో 1978లో మొదలై బండి పెట్టెలు చేసే గివి కంపెనీ కూడా తన చిన్న రకం పెట్టెలకి మూడు కేజీలే పరిమితి పెడుతుంది, మనం మాత్రం రెడీమేడ్ ర్యాకు మీద బియ్యం బస్తా వేసుకుని పోతుంటాం.

పైపు ముప్పావు అంగుళం, 16 గేజి (గోడ మందం దాదాపు 1.6 మిల్లీమీటర్లు) ఇనుము. మీటరు దాదాపు 700 గ్రాములు తూగుతుంది, నాకు మూడు మీటర్ల లోపు పట్టింది, పట్టీలు, బోల్టులు కలిపి మొత్తం మూడు కేజీలు. వంచేటప్పుడు పైపు నొక్కుకుపోకుండా ఇసుక కూరి వంచాడు, చూస్తుంటే ముచ్చటేసింది. అల్యూమినియం తేలిక కదా మేస్త్రీ గారూ అంటే, "ఇరిగితే పాడేరులో ఎవరు అతుకుతారండి? ఇనుమైతే ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు" అన్నాడు. శ్రీశైలం గుర్తొచ్చి నోరు మూసుకున్నా. రెండు బోల్టులు గ్రాబ్ రైలు దగ్గర, రెండు కింద బండి ఫ్రేముకి, మధ్యలో వాలుగా ఊతలు. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్‌కి మాత్రం ఏదీ కలపలేదు. అది చక్రంతో పాటు పైకీ కిందికీ ఆడుతుంది, పైన కదలని ఫ్రేముకీ దానికీ కలిపి బిగిస్తే ఎక్కడో ఒకచోట విరగాల్సిందే.

పలక నాలుగు మూలలా చిన్న గుబ్బలు పెట్టాడు, తాడు జారకుండా. హుక్కులుండే సాగే బంగీ తాళ్ళు వద్దని లారీ ట్యూబు కోసిన రబ్బరు పట్టీలు రెండు ఊరికే ఇచ్చాడు. హుక్కు ఊడి కంటికి తగిలితే కథ వేరేగా ఉంటుందట. ఏడాదిగా అవే వాడుతున్నా.

ఇక మా బాబాయి స్ప్లెండర్. అసలు పనితనం అక్కడ చూడాలి. (టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్ తీసుకుంటే ఈ తిప్పలే ఉండవు బాబాయ్ అని ఇంటిల్లిపాదీ చెప్పాం, వినడు.) రెండు పక్కలా ఇరవై లీటర్ల క్యాన్లు. లీటరు పాలు కేజీ కంటే కాస్త ఎక్కువే తూగుతాయి కాబట్టి క్యాను బరువు కాకుండానే పక్కకి ఇరవై కేజీల పైన. బండేమో 112 కేజీలది. పాత స్టాండుతో ఎండాకాలంలో కుడి క్యాను పాలు తరచూ విరిగిపోయేవి, బాబాయి గేదెని తిట్టేవాడు, పిన్నిని తిట్టేవాడు. మేస్త్రీ వచ్చి కింద చెయ్యి పెట్టి చూసి సైలెన్సర్ వేడి అన్నాడు. కుడి స్టాండుని బయటికి జరిపి, మధ్యలో గాలి ఆడేలా ఎడం ఉంచి ఒక రేకు అడ్డం పెట్టాడు. కుడి బయటికెళితే బండి అటు లాగుతుంది కాబట్టి ఎడమదీ అంతే జరిపాడు. కిక్ రాడ్ తొక్కితే కాలు క్యానుకి తగలకూడదు, అందుకని రెండూ వెనక్కి, కానీ ఇరుసు దాటనివ్వలేదు. స్ప్లెండర్‌కి రెండు షాకబ్జార్బర్లు ఉన్నాయిగా, వాటి పై బోల్టు దగ్గర పట్టించాడు, నా బండికి మధ్యలో ఒకటే కాబట్టి ఆ వీలు లేదు. పాలు విరగడం ఆగింది. బండి వెడల్పయ్యింది మాత్రం, వన్ టౌన్ సందుల్లో బాబాయి ఇప్పుడు ఆటోవాళ్ళని తిడుతున్నాడు.

మా బావ ఊళ్ళు తిరిగి చీరలు అమ్ముతాడు, ఆయనకీ ఇక్కడే చేయించాం. పెద్దగా చెప్పేదేం లేదు, వెనక సీటు మీద వెడల్పాటి బల్ల, చుట్టూ నాలుగంగుళాల కమ్మీ. మేస్త్రీ నోటితో నాకు తెలిసిన కొత్త విషయం ఒక్కటే, 2020లో కేంద్రం రూలు మార్చి బండి వెనక పెట్టుకునే డబ్బాకి కొలతలు పెట్టిందని: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు దాటకూడదు, సీటు మీదే పెడితే వెనక మనిషిని ఎక్కించుకోకూడదు. ఆటోనగర్ మేస్త్రీకి ఇది తెలియడం నాకు ఆశ్చర్యమే. బావ మూట ఆ కొలతలు దాటుతుందా అని అడక్కండి.

సరే, తిట్లు. రెండు రోజులన్నాడు, తొమ్మిది రోజులు పట్టింది. మధ్యలో ఫోన్ చేస్తే "వచ్చేయండి, అయిపోయింది", వెళితే పైపు కూడా కోయలేదు. బిల్లు ఇవ్వడు. పౌడర్ కోటింగ్ బయట వేయించాడు, బోల్టు కన్నాల్లో రంగు గట్టిపడి ఒకటి బిగించబోతే మర పోయింది, నా ముందే మళ్ళీ మరలు తీశాడనుకోండి, కానీ అక్కడ రంగు లేచిపోయి వానాకాలానికి తుప్పు పట్టింది. అన్నిటికంటే పెద్ద తప్పు, సీటు తీయాలంటే ఇప్పుడు ర్యాకు బోల్టులు రెండు వదులు చేయాలి. ఇంతమంది గురించి ఇన్ని అడిగినవాడు సర్వీసు చేసే మెకానిక్ గురించి ఒక్క మాట ఆలోచించలేదు, సర్వీసుకిచ్చిన ప్రతిసారీ నేను మాటలు పడుతున్నా.

నాకైన ఖర్చు 2,800, కోటింగ్ 500. రెండూ కలిపితే రెడీమేడ్ దానికి ఒకటిన్నర రెట్ల పైనే. పదకొండు వేల కిలోమీటర్లు తిరిగా, మారేడుమిల్లి రెండుసార్లు వెళ్ళొచ్చా, వెల్డింగు దగ్గర గీత కూడా పడలేదు. ఒంటరిగా తిరిగేవాళ్ళు, వారానికోసారి చిన్న బ్యాగు కట్టేవాళ్ళు ఇంత తిప్పలు పడక్కర్లేదు, కంపెనీ షోరూంలో దొరికే ర్యాకు తీసుకోండి. ఇలాంటి మేస్త్రీ దగ్గరికి వెళ్తే మాత్రం ఫొటో కాదు, మీరు నిజంగా కట్టే బ్యాగు తీసుకెళ్ళండి, వెనక కూర్చునే మనిషినీ తీసుకెళ్ళి కూర్చోబెట్టి కొలిపించండి. సీటు ఎలా తీయాలో పని మొదలుపెట్టకముందే అడగండి.

వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నా, ఆ బోల్టుల చోటు మార్పిస్తానని మాటిచ్చాడు. "వచ్చేయండి, పది నిమిషాల పని" అన్నాడు. ఆఫీసుకి ఒక రోజు సెలవు పెట్టా.