భుజంలో మూడు పీక్ యాంకర్లు: కొన్నేళ్ల వాడకం తర్వాత

బండి మీద నుంచి పడినప్పుడు నా కుడి భుజంలో సుప్రాస్పైనేటస్ టెండన్ (చెయ్యి పైకెత్తే కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీ) ఎముక నుంచి ఊడిపోయింది. హైదరాబాద్‌లోనే కీహోల్ ఆపరేషన్ (చిన్న రంధ్రాల గుండా చేసేది) చేసి, పీక్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన మూడు సూచర్ యాంకర్లతో దాన్ని మళ్లీ బిగించారు. అవి పెట్టి కొన్నేళ్లయింది. టీచర్‌ని కాబట్టి రోజూ బోర్డు మీద చెయ్యెత్తి రాసే పని. ఇంత వాడాక నా మాట ఇదీ: యాంకర్లు బాగా పనిచేశాయి, కానీ వాటి పని చాలామంది అనుకున్నట్టు ఎల్లకాలం టెండన్‌ను పట్టి ఉంచడం కాదు.

యాంకర్ అంటే సుమారు ఐదు మిల్లీమీటర్ల లావుండే చిన్న మర. ఎముకలో దింపి, దానికున్న గట్టి దారాలతో టెండన్‌ను ఎముకకు అదిమి కడతారు. కొత్తగా నాటిన మొక్కకు కట్టే ఊత కర్ర లాంటిది. టెండన్ ఎముకకు అతుక్కునేదాకా, అంటే సుమారు మూడు నెలలు, బరువంతా ఆ దారాల మీదే. మళ్లీ ఊడితే సాధారణంగా యాంకర్ పెకలి రాదు, దారం టెండన్‌ను కోసుకుని వచ్చేస్తుంది. అందుకే చేతిని కదలనీయకుండా మెడకు వేలాడదీసే స్లింగ్‌ విషయంలో ఎవరెంత చెప్పినా రాజీ పడకండి. షుగర్ ఉన్నవాళ్లకు, సిగరెట్ తాగేవాళ్లకు అతుక్కోవడం ఆలస్యమవుతుంది, వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మొదటి నెల రాత్రులు నిజంగా కష్టం. పడుకుంటే నొప్పి, దిండ్లు పెట్టుకుని సగం కూర్చునే నిద్రపోయాను. జడ మా అమ్మాయే వేసేది. తర్వాత ఫిజియోథెరపీ: ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, తలుపుకు కట్టిన కప్పీ తాడు లాగడం, గోడ మీద వేళ్లతో పైకి పాకడం. బస్సులో పైనున్న రాడ్ భయం లేకుండా పట్టుకోగలిగిన రోజు ఎంత సంతోషమేసిందో! వీపు వెనక్కి చెయ్యి మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోదు.

నావి పీక్‌వి. తర్వాత ఎమ్మారై తీయించినప్పుడు బొమ్మ శుభ్రంగా వచ్చింది, టెండన్ అతుక్కున్నట్టు స్పష్టంగా కనిపించింది. టైటానియంతోనూ ఎమ్మారై తీస్తారు గానీ దాని చుట్టూ బొమ్మ చెదురుతుంది. పీక్‌లో లోటు ఏంటంటే అది ఎక్స్‌రేలో కనబడదు, కరగదు, ఎముకతో కలిసిపోదు. కరిగిపోయే రకాలు వినడానికి బాగుంటాయి, కానీ కొందరిలో ఆ చోట ఎముక గుల్లబారుతుంది. నన్నడిగితే మళ్లీ పీక్‌కే ఓటు. ఎముకలు బలహీనంగా ఉన్న పెద్దవాళ్ల సంగతి వేరు, అక్కడ ఎముక పట్టు చూసి డాక్టరు గారే నిర్ణయించాలి.

నాకు కోపం తెప్పించింది బిల్లు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి పెద్ద మొత్తం వేసి, పక్కన ‘ఇంప్లాంట్లు’ అని ఒక్క ముక్క రాసింది. ఏ కంపెనీవి, ఏ సైజువి, ఎన్ని వాడారు అన్నది లేదు. పదేపదే అడిగితే గానీ స్టిక్కర్లు ఇవ్వలేదు. ప్రతి యాంకర్ ప్యాకెట్ మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్ ఉండే స్టిక్కర్ ఉంటుంది. డిశ్చార్జ్ రోజునే అడిగి ఫైల్లో అంటించుకోండి. రేపు ఇంకో డాక్టరు అదే భుజాన్ని చూడాల్సి వస్తే, లోపల ఏముందో ఆయనకు తెలిసేది ఆ కాగితం వల్లే.

ఇవి తర్వాత తీయించాలా అని చాలామంది అడుగుతున్నారు. వదులై కదలకుండా, నొప్పి పెట్టకుండా ఉంటే అక్కర్లేదు. నావి అలాగే ఉన్నాయి.