ప్రాంతీయ ట్రస్టు గ్రాంటు: ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష

ముందే తీర్పు చెప్పేస్తాం. ఒక ప్రాంతానికే పరిమితమై, అక్కడి దాతల దగ్గర నిధి పోగుచేసి, అక్కడి చిన్న సంఘాలకే గ్రాంట్లు ఇచ్చే ట్రస్టు బీదల వాడలకు అందే సాయాల్లో అన్నిటికన్నా మెరుగైనది. ఏ వీధికి నీళ్లు వస్తాయో, ఏ వీధికి రావో దానికి తెలుసు. దూరాన ఉన్న పెద్ద సంస్థకు ఆ రెండు వీధులూ ఒకే పేరున్న ప్రాంతంలా కనిపిస్తాయి. కానీ అదే ట్రస్టు డబ్బు ఒక వాడలో అంతరాన్ని తగ్గించి పక్క వాడలో పెంచడమూ చూశాం. దరఖాస్తు ఎవరు రాయగలరు, డబ్బు ఎప్పుడు చేతికొస్తుంది, ఎంపిక కమిటీలో ఎవరు కూర్చుంటారు అన్న మూడు విషయాల దగ్గరే ఆ తేడా వస్తుంది. గ్రాంటు పెద్దదా చిన్నదా అన్నది ఆ తర్వాతి మాట.

చిన్న సంఘాల తరఫున దరఖాస్తులు రాసి, జమాఖర్చులు చూసి, డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ పత్రాలు పంపే పనిలో ఉన్నవాళ్లం. అటువైపు నుంచి కనిపించిందే ఇక్కడ రాస్తున్నాం.

ఈ తరహా నిధికి మొదటి నమూనా 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు మొదలుపెట్టాడు. దాతలు వీలునామాల్లో ఫలానా పనికే ఖర్చుపెట్టాలని రాసి పోయేవారు. కొన్ని దశాబ్దాలకు ఆ పని అవసరమే ఉండేది కాదు, డబ్బు మాత్రం కదలకుండా పడి ఉండేది. పెట్టుబడుల సంగతి బ్యాంకులు చూసుకుంటే, పంపకం ఊరి పౌరుల కమిటీ చూడాలని ఆయన ఏర్పాటు చేశాడు. ఇప్పటికీ చాలా ట్రస్టుల ఎముకలగూడు అదే. అసలు నిధిని ముట్టుకోకుండా, ఏటా అందులో 4 నుంచి 5 శాతం దాకా పంచుతారు. ఆ శాతాన్ని కూడా ఒక్క ఏడాది విలువ మీద కాక, గడిచిన మూడేళ్ల సగటు మీద లెక్కగట్టడం మామూలు. సంఘాలు ఇది తెలుసుకుని ఉండాలి. మార్కెట్ పడిన ఏడాది గ్రాంటు పెద్దగా తగ్గదు, దెబ్బ ఆ తర్వాతి రెండేళ్లలో తగులుతుంది. ట్రస్టు ఆస్తులు తగ్గాయన్న వార్త చదివిన రోజే వచ్చే ఏడాది బడ్జెట్ తగ్గించి రాసుకోవడం మంచిది.

నిధి లోపల రెండు రకాల డబ్బు ఉంటుందని చాలామందికి తెలియదు. ఒకటి, దాత పేరున ఉండి, దాత చెప్పిన చోటికే వెళ్లేది. రెండోది, ట్రస్టు తన విచక్షణతో ఇవ్వగలిగేది. బీదవాడలకు వచ్చేది దాదాపుగా ఈ రెండోదే. మొదటి రకం డబ్బు దాత చదివిన బడికో, దాత ఇంటి దగ్గరి పార్కుకో పోతుంది. అందులో తప్పు లేదు గానీ, దాన్నీ కలిపి మొత్తం ఇంత పంచామని చెబితే లెక్క తప్పుతుంది. ఏ ట్రస్టునైనా మొదట అడగాల్సిన ప్రశ్న ఇది: మీరు స్వేచ్ఛగా ఇవ్వగలిగేది మొత్తంలో ఎన్నో వంతు? జవాబు వెంటనే వచ్చిందంటే ఆ ట్రస్టుకు తన డబ్బు సంగతి బాగా తెలుసన్నమాట.

ఇక దరఖాస్తు. చిన్న గ్రాంటుకీ పెద్ద గ్రాంటుకీ ఒకే ఫారం పెట్టిన చోట, బాగా రాయగలిగిన సంఘానిదే గెలుపు. అవసరం ఎక్కువ ఉన్నవాళ్లు మొదటి వడపోతలోనే పోతారు. ‘పరోక్షంగా లబ్ధి పొందేవారి సంఖ్య’ లాంటి గడి ఒకటి ఉంటుంది. నలభై ఇళ్ల వాడలో కుళాయి వేయిస్తున్న సంఘం నిజాయితీగా నలభై ఇళ్లే రాస్తుంది. రాయడం అలవాటైన సంఘం అదే కుళాయికి దారిన పోయేవాళ్లనీ బడి పిల్లల్నీ కలిపి వేలల్లో చూపిస్తుంది. మార్కులు రెండోదానికే పడతాయి. మాకు దొరికిన మంచి ఫారం ఒక్క పేజీలో ఉంటుంది. సమస్య ఏమిటి, ఎవరికి ఎక్కువ బాధ, మీరు ఏం చేస్తారు, ఎంత అవుతుంది అన్న నాలుగే ప్రశ్నలు. రాయలేనివాళ్లు నోటితో చెబితే ట్రస్టు మనిషి రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. ఈ ఒక్క మార్పుతోనే, అంతకుముందు ఎన్నడూ దరఖాస్తు పెట్టని సంఘాలు ముందుకొస్తాయి.

రిజిస్ట్రేషన్ లేని సంఘాలకు గొడుగు సంస్థ పద్ధతి ఉంది. రిజిస్టరైన ఒక సంస్థ డబ్బు తీసుకుని, లెక్క చూసి, పని మాత్రం చిన్న సంఘానికి వదిలేస్తుంది. అందుకు గ్రాంటులో 5 నుంచి 10 శాతం తీసుకోవడం సాధారణం. అక్కడ జాగ్రత్త పడాల్సింది ఒప్పందం దగ్గర. బిల్లు ఇచ్చిన ఎన్ని రోజుల్లో డబ్బు విడుదల చేయాలి, కొన్న వస్తువులు ఎవరి పేరున ఉండాలి అన్న రెండూ కాగితం మీద ఉండాలి. లేకపోతే చివరికి కుట్టు మిషన్లు, కంప్యూటర్లు గొడుగు సంస్థ ఆస్తుల జాబితాలో తేలతాయి.

డబ్బు ఏ విడతలో ఎంత వస్తుందన్నదే అన్నిటికన్నా ముఖ్యం. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాం, ఎందుకంటే ట్రస్టు ఆఫీసు నుంచి చూస్తే ఇది చిన్న అకౌంట్స్ వ్యవహారంలా కనిపిస్తుంది. ముందు ఖర్చు పెట్టండి, బిల్లులు చూపిస్తే తిరిగి ఇస్తాం అనే పద్ధతి ఒకటి. దిన కూలీలు సభ్యులుగా ఉన్న సంఘం దగ్గర ముందు పెట్టడానికి ఏముంటుంది? వాడలో చేతిలో డబ్బున్న ఒకరి దగ్గర తెస్తారు. ఆయన కాంట్రాక్టరో, వడ్డీ వ్యాపారో, ఇళ్లు అద్దెకిచ్చే మనిషో అయి ఉంటాడు. ఆ రోజు నుంచి సమావేశం ఆయన ఇంటి ముందే జరుగుతుంది, మినిట్స్ పుస్తకం ఆయన అలమారలోకి చేరుతుంది, పైపు లైను ఆయన వీధి మీదుగా తిరుగుతుంది. ఎవరూ దొంగతనం చేయలేదు, బిల్లులన్నీ సరిగానే ఉంటాయి, ఆడిట్‌లో ఒక్క అభ్యంతరమూ రాదు. కానీ అంతరాన్ని తగ్గించడానికి వచ్చిన డబ్బు పాత పెత్తనాన్నే గట్టిపరిచి వెళ్తుంది.

40, 40, 20 విడతలు కొంత నయం. అక్కడా చివరి 20 శాతం నివేదిక ఆమోదించాకే ఇస్తారు గనక, పనిలో ఐదో వంతు సంఘమే కొన్ని నెలలు మోయాలి. మా అనుభవంలో సరిగ్గా నడిచింది 70, 30 పద్ధతి. మొదటి 70 శాతం ఒప్పందం మీద సంతకమైన రెండు వారాల్లోపు, మిగిలిన 30 శాతం పని సగమయ్యాక. చివరి నివేదికకు డబ్బు ముడిపెట్టరు. నివేదిక ఇవ్వని సంఘానికి మరుసటి గ్రాంటు ఉండదు, అంతే. మరీ చిన్న గ్రాంట్లయితే ఒకేసారి ఇచ్చేయడమే అందరికీ చవక, ఎందుకంటే విడత విడతకూ తనిఖీకి వచ్చే మనిషి జీతం గ్రాంటులో పెద్ద భాగాన్నే తినేస్తుంది.

మ్యాచింగ్ వాటా మరో ఉచ్చు. మీరు సగం తెస్తే మేం సగం ఇస్తామంటే కలిగిన వాడకే ఎక్కువ గ్రాంటు పోతుంది. ఇది తేలిగ్గా అర్థమయ్యే లెక్క, అయినా ఇప్పటికీ చాలా చోట్ల నడుస్తోంది. డబ్బుకు బదులు శ్రమను లెక్కిస్తామన్న ట్రస్టులు మంచి ఉద్దేశంతోనే చేస్తాయి గానీ, ఆ శ్రమ ఎవరిదో చూడాలి. హాజరు పట్టీ తెరిచి చూస్తే ఎక్కువగా ఆడవాళ్ల పేర్లే ఉంటాయి. కలిగినవాళ్లు వాటా నోట్లతో కడతారు, లేనివాళ్లు ఒంటి కష్టంతో కడతారు. మెరుగైన పద్ధతి వాటాను మెట్లుగా పెట్టడం. బాగా వెనకబడిన వాడకు వాటా సున్నా, మధ్యస్థంగా ఉన్నదానికి 10 శాతం, కలిగినదానికి సగం. శ్రమను లెక్కగట్టాల్సి వస్తే కూలి రేటు కట్టి, కొంత భాగమైనా చేతికి ఇవ్వాలి.

ఎంపిక కమిటీ గురించి. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రే నగరం 1989లో పౌరులతోనే బడ్జెట్ నిర్ణయింపజేయడం మొదలుపెట్టినప్పుడు, ఏ పేట గొంతు పెద్దదన్నది ఒక్కటే చూడలేదు. జనాభా, సౌకర్యాల కొరత, ఆ పేటవాళ్ల ప్రాధాన్యాలు అనే మూడింటికి మార్కులు పెట్టి పంచింది. చిన్న ట్రస్టుకు కూడా ఆ పద్ధతి బాగా సరిపోతుంది. కొరతకు వేసే మార్కుల బరువు మిగతావాటికి రెట్టింపైనా ఉండాలి. వాడలవాళ్లు కమిటీలో సగానికి మించి ఉండాలి, ఒకరిద్దరు ఉంటే ఫొటోకే పనికొస్తారు. పదవీకాలం రెండేళ్లు, ఏటా సగం మంది మారాలి. సమావేశానికి వచ్చినందుకు ఆ రోజు కూలికి తగ్గకుండా భత్యం ఇవ్వాలి, పిల్లల్ని చూసే మనిషి ఉండాలి, సమయం పని వేళలు దాటాక పెట్టాలి. ఈ మూడూ లేకపోతే రెండో సమావేశానికే రిటైరైనవాళ్లు తప్ప ఎవరూ మిగలరు.

మార్కులు వేసే క్రమం కూడా తేడా తెస్తుంది. ముందు చర్చించి తర్వాత మార్కులు వేస్తే, మొదట మాట్లాడిన పెద్దమనిషి అభిప్రాయమే అందరి కాగితాల మీదా కనిపిస్తుంది. అందరూ విడివిడిగా మార్కులు వేసి కవరులో పెట్టాకే చర్చ మొదలవ్వాలి. ఎవరి మార్కులు మిగతావాళ్లకు బాగా దూరంగా ఉన్నాయో వాళ్లనే ముందు మాట్లాడించాలి. తన వాడ దరఖాస్తు వచ్చినప్పుడు సభ్యుడు బయటికి వెళ్లాలి, గదిలోనే మౌనంగా కూర్చుంటానంటే కుదరదు. అతని ముఖం చూస్తూ తక్కువ మార్కులు వేయడం ఎవరి వల్లా కాదు.

ఇళ్ల జాబితాలో జారిపోయేది అద్దెకుండేవాళ్లు. సొంత ఇళ్లున్నవాళ్ల పేర్లు పన్ను రికార్డులో ఉంటాయి, సంఘం సభ్యత్వమూ వాళ్లదే. సర్వే మనుషులు పగలు తిరిగితే అద్దె ఇళ్లకు తాళాలుంటాయి. కరెంటు కనెక్షన్ల జాబితా, బడి హాజరు పుస్తకం, ఇంటింటి తిరుగుడు మూడూ సరిచూసుకుని, అందులో ఒక దఫా రాత్రిపూట తిరిగితే లెక్క దగ్గరికొస్తుంది. ఇది పట్టించుకోకపోతే నష్టం తర్వాత తెలుస్తుంది. దీపాలు, డ్రైనేజీ, పార్కు వచ్చాక అద్దెలు పెరుగుతాయి. ఎవరి పేరు చెప్పి గ్రాంటు తెచ్చారో వాళ్లే ఖాళీ చేసి పోతారు.

దీనికి గట్టి మందు భూమిని ఉమ్మడి ట్రస్టు పేరున పెట్టడం. ఇల్లు కుటుంబానిది, నేల ట్రస్టుది. నేలను సాధారణంగా 99 ఏళ్ల లీజుకు ఇస్తారు. అమ్ముకున్నప్పుడు పెరిగిన విలువలో కొంత భాగమే, తరచుగా నాలుగో వంతు, కుటుంబానికి వస్తుంది. మిగతాది ఇంటి విలువలోనే ఉండిపోయి తర్వాతి కొనుగోలుదారుకు ధర తగ్గిస్తుంది. తెలుగువాళ్లకు దగ్గరి సంగతి ఒకటి ఇందులో ఉంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇవ్వడంతో మొదలైన భూదానం, తర్వాత ఊరి భూమిని ఊరి ఉమ్మడి సొత్తుగా చేసే గ్రామదానంగా మారింది. 1969లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో నల్లజాతి రైతుల కోసం న్యూ కమ్యూనిటీస్ పేరుతో ఉమ్మడి భూమి ట్రస్టు స్థాపించినవాళ్లు ఆ గ్రామదానం నుంచి కూడా ఆలోచన తీసుకున్నారు. బోస్టన్‌లోని డడ్లీ వీధి వాసుల సంఘానికి 1988లో ఖాళీ స్థలాలను బలవంతంగా సేకరించే అధికారమే దక్కింది. ఆ భూమినీ ఉమ్మడి ట్రస్టు కిందే పెట్టుకున్నారు. అయితే చిన్న సంఘం ఒంటరిగా చేయగలిగిన పని కాదిది. దస్తావేజులు, పన్నులు, లీజు అమలు చూసుకునే మనిషి శాశ్వతంగా ఉండాలి. ప్రాంతీయ ట్రస్టు ఆ భారం నెత్తినేసుకుంటేనే మొదలుపెట్టండి.

మా ఫిర్యాదుల్లో పెద్దది నిర్వహణ ఖర్చు. కట్టడానికి ఇస్తారు, నడపడానికి ఇవ్వరు. హాలు కడితే కరెంటు బిల్లు, పంపు పెడితే సీలు, బేరింగు, నీళ్ల ఫిల్టరు పెడితే క్యాట్రిడ్జి ఎవరు కొనాలి? దరఖాస్తులోనే మొదటి మూడేళ్ల మరమ్మతు ఖర్చు విడిగా రాసి, గ్రాంటులో కనీసం 10 శాతం ఆ పద్దు కింద వేరే ఖాతాలో పెట్టించుకోండి. ఆఫీసు ఖర్చు 10 శాతం మించకూడదన్న షరతు ఉన్న చోట లెక్కలు రాసే అమ్మాయి జీతాన్ని ‘శిక్షణ’ పద్దులో చూపించే పరిస్థితి వస్తుంది. లెక్క సరిగా ఉండాలని కోరే సంస్థ లెక్క రాసే మనిషికి డబ్బు ఇవ్వకపోవడం మాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇప్పుడు కొన్ని ట్రస్టులు మూడు నుంచి ఐదేళ్ల గ్రాంటు, అదీ ఏ ఖర్చుకైనా వాడుకునేలా ఇస్తున్నాయి. అలాంటిది దొరికితే మొత్తం కాస్త తక్కువైనా దాన్నే ఎంచుకోండి. తప్పుకునేటప్పుడు కూడా ఒక్కసారిగా ఆపకుండా ఏటా నాలుగో వంతు తగ్గించుకుంటూ పోయే పద్ధతిని ఒప్పందంలో అడగండి.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. రాత్రికి రాత్రి వచ్చే అవసరాలకు, అంటే వరదకో, అగ్ని ప్రమాదానికో మామూలు గ్రాంటు కుదరదు. దరఖాస్తు నుంచి డబ్బు దాకా మూడు నెలల నుంచి ఆరు నెలలు పడుతుంది. అందుకు విడిగా అత్యవసర నిధి ఉందేమో ముందే కనుక్కోండి. ప్రభుత్వం చేయాల్సిన రోడ్డు, మురుగు కాలువ లాంటి పనులకు ఈ డబ్బు వాడొద్దు. మీరు కట్టేస్తే ఆ వాడ ప్రభుత్వ జాబితాలోంచి జారిపోతుంది, పక్క వాడకు మాత్రం ఉచితంగా వస్తుంది. అలాంటి చోట అర్జీలు, కొలతలు, సమాచార హక్కు లాంటి చట్టాల కింద పెట్టే దరఖాస్తుల ఖర్చుకు గ్రాంటు అడగండి. అది చాలా తక్కువలో తేలుతుంది.

చివరిగా, దరఖాస్తు తిరస్కరించినప్పుడు వచ్చే రెండు వరసల ఉత్తరంతో ఊరుకోవద్దు. ఏ అంశానికి ఎన్ని మార్కులు వచ్చాయో, గ్రాంటు దక్కిన ఆఖరి సంఘానికి ఎన్ని వచ్చాయో అడగండి. మంచి ట్రస్టులు చెబుతాయి, కొన్ని ఫోన్ చేసి మరీ వివరిస్తాయి. ఆ మార్కుల కాగితాన్ని వాడ సమావేశంలో చదివి వినిపించి, తక్కువ పడిన చోట ఏం రాయాలో అందరూ కలిసి నిర్ణయించి, మరుసటి దఫా గడువుకు నెల ముందే మళ్లీ పంపండి.