బ్రేకుల్లో గాలి తీసే చేతిపంపు: చిన్న లీకును బాగుచేసిన తరువాత నా అభిప్రాయం

ఒక్కరే ఉన్నప్పుడు బ్రేకుల్లో గాలి తీయడానికి పనికివస్తుందని చెప్పి అమ్మే చేతిపంపును, మా కారు వెనుక ఎడమ చక్రం దగ్గర వచ్చిన చిన్న లీకును బాగుచేసే సందర్భంలో మొదటిసారి వాడాను. పంపు, దానిమీద ఒక గేజి, పారదర్శకమైన చిన్న సీసా, రెండు గొట్టాలు, నిపుల్ (చక్రం దగ్గర గాలి తీయడానికి వదులు చేసే చిన్న మర) మీద బిగించే కొన్ని రబ్బరు మూతులు ఈ కిట్టులో ఉంటాయి. గాలి తీయడంలో ఇది నాకు బాగానే సాయపడింది గానీ, లీకు ఎక్కడుందో కనిపెట్టే పరికరంగా దీన్ని నమ్మకూడదని మొదటే చెప్పాలి.

డబ్బాలో బ్రేక్ ఆయిల్ గరిష్ఠ గీత నుంచి కనిష్ఠ గీతకు కొద్ది వారాల్లోనే దిగడంతో నాకు అనుమానం వచ్చింది. ప్యాడ్లు అరిగేకొద్దీ మట్టం కొంత తగ్గడం సహజమే అయినా, ఆ తగ్గుదల చాలా నెమ్మదిగా ఉంటుంది. పైగా మా ప్యాడ్లు ఇంకా మందంగానే ఉన్నాయి. నాలుగు చక్రాల లోపలి వైపు చూస్తే, ఒక్క వెనుక ఎడమ డ్రమ్ము పళ్లెం అడుగున మాత్రమే దుమ్ము తడిసి నల్లటి ముద్దగా అంటుకుని ఉంది. ఆ తడి గేరు నూనెదా, బ్రేకుదా తేల్చుకోవడానికి దాన్ని తెల్లకాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని నీళ్ల గిన్నెలో ముంచాను. నూనె అయితే పైన తెట్టులా తేలాలి. ఇది పొగలా విచ్చుకుని నీటిలో కలిసిపోయింది. అందరం ఆయిల్ అని పిలిచే ఈ ద్రవం, డాట్ 3, డాట్ 4 రకాలలో గ్లైకాల్ జాతిది కాబట్టి నీటిలో కరుగుతుంది.

డ్రమ్ము విప్పి, వీల్ సిలిండర్ (ద్రవం ఒత్తిడితో బ్రేకు షూలను డ్రమ్ముకు నొక్కే భాగం) కొసనున్న రబ్బరు తొడుగు అంచును వేలితో కొద్దిగా ఎత్తగానే లోపల నిలిచిన ద్రవం చుక్కలుగా కారింది. లోపలి రబ్బరు కప్పు పాడైందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కప్పు ఒక్కటే మార్చవచ్చు గానీ, సిలిండర్ లోపలి గోడ తుప్పుతో గుంటలు పడి ఉంటే కొత్త కప్పు కూడా ఎక్కువ కాలం ఆగదు. అందుకే మొత్తం సిలిండర్ మార్చాను. ఇనుప పైపు నట్టును మామూలు పానాతో తిప్పితే మూలలు అరిగిపోతాయి కాబట్టి, నట్టును దాదాపు చుట్టూ పట్టుకునే ఫ్లేర్ పానానే వాడాలి. తడిసిన లైనర్లను, అంటే షూల మీద డ్రమ్ముకు రాసుకునే పొరలను, ఎంత కడిగినా నమ్మడానికి లేదు. రెండు వైపులా పట్టు సమానంగా ఉండాలి గనుక కుడి వైపు షూలనూ మార్చాను.

ఇక పంపు సంగతి. గొట్టాన్ని నిపుల్‌కు తొడిగి, పంపు లాగుడు ఎంతో చూపే గేజి ముల్లు 15, 20 అంగుళాల పాదరసం మధ్యకు వచ్చేదాకా పంపు నొక్కి, నిపుల్‌ను పావు చుట్టు వదిలితే ద్రవం చక్కగా సీసాలోకి వస్తుంది. చిక్కల్లా బుడగలతోనే. ఎంతసేపు లాగినా బుడగలు ఆగకపోవడంతో కొత్త సిలిండరే లోపభూయిష్టమేమోనని చాలాసేపు కలవరపడ్డాను. నిజానికి ఆ గాలి లోపలి నుంచి కాక, వదులు చేసిన నిపుల్ మర చుట్టూ బయటి నుంచి వస్తోంది. మర మొదట్లో బ్రేకులకు సరిపడే సిలికాన్ గ్రీజు పూయగానే బుడగలు చాలావరకు తగ్గాయి. కిట్టుతో వచ్చిన కరపత్రంలో ఈ మాట ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు పెద్ద లోపంగా తోచింది. గేజి ముల్లు నిలబడింది కాబట్టి లీకు లేదనుకోవడమూ పొరపాటే. సిలిండర్‌లోని కప్పులు లోపలి నుంచి వచ్చే ఒత్తిడిని ఆపడానికి చేసినవి, పంపు మాత్రం అందుకు ఎదురు దిశలో లాగుతుంది.

సీసా చిన్నది కావడంతో తరచూ ఖాళీ చేయవలసి వస్తుంది. ఆ హడావుడిలో పైన బ్రేక్ ఆయిల్ డబ్బా ఎండిపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ద్రవాన్ని చక్రాలకు తోసే భాగం) లోకి గాలి చేరి పని మళ్లీ మొదటికొస్తుంది. చివరకు ఇంట్లోవాళ్లను పిలిచి, పెడల్ నొక్కించి నాలుగైదు సార్లు గాలి తీస్తేనే పెడల్ గట్టిపడింది. పాత కార్లలో పెడల్‌ను అడుగంటా నొక్కితే మాస్టర్ సిలిండర్ సీళ్లు గీసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి, కింద ఒక చెక్కముక్క పెట్టడం మేలు.

మా కారుకు సూచించిన డాట్ 4 కొత్త సీసా నుంచే పోశాను. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కనీస ప్రమాణం ప్రకారం పొడిగా 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగవలసిన ద్రవానికి, తేమ చేరాక 155 డిగ్రీలే హద్దు. కారు రంగు మీద చుక్క పడితే తుడవకుండా వెంటనే నీళ్లు గుమ్మరించాలి. పని ముగిశాక ఇంజిన్ నడుస్తుండగా పెడల్‌ను ఒక నిమిషం పాటు గట్టిగా నొక్కి పట్టుకున్నాను, అది కిందికి దిగలేదు. డబ్బా మీద పెన్నుతో గీసిన గీత దగ్గరే నెల తరువాత కూడా మట్టం నిలిచి ఉంది.

ఒంటరిగా పనిచేసేవారికి, ముఖ్యంగా పాత ద్రవాన్ని మార్చడానికి, ఈ పంపును నిస్సంకోచంగా సూచిస్తాను. కొనేముందు రబ్బరు మూతులు మీ కారు నిపుల్ కొలతకు బిగుతుగా సరిపోతాయో లేదో చూసుకోండి. నాకు వచ్చినవాటిలో ఒకటి వదులుగా ఉండి, గొట్టానికి క్లిప్పు వేసుకోవలసి వచ్చింది.